పెద్ద సంస్థలలో సాఫ్ట్‌వేర్ నిపుణుల దైనందిన పని: నిరీక్షణ తగ్గించేందుకు జరుగుతున్న కృషి

పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం ప్రత్యేక వ్యాసం

సాఫ్ట్‌వేర్ సంస్థ అనగానే అద్దాల మేడలు, చల్లని గదులు, ఉచిత భోజనశాలలు, ఆటస్థలాలు కళ్ల ముందు మెదులుతాయి. ఆ మేడల లోపల ప్రోగ్రాములు వ్రాసే ఉద్యోగులు రోజంతా ఏ పనిలో గడుపుతారన్నది మాత్రం వెలుపలి వారికి అంతగా తెలియదు. వేలాది మంది పనిచేసే పెద్ద సంస్థలలో వారి పనివేళలలో గణనీయమైన భాగం ప్రోగ్రాం వ్రాయడంలో కాక ఎదురుచూడడంలో గడిచిపోతున్నది. వ్రాసిన మార్పు సరిగా ఉన్నదో లేదో యంత్రం తేల్చి చెప్పేవరకు ఎదురుచూడాలి. సహోద్యోగి దానిని చదివి ఆమోదించేవరకు ఎదురుచూడాలి. అవసరమైన సర్వర్‌ను మరొక విభాగం కేటాయించేవరకు, భద్రతా విభాగం అనుమతి వచ్చేవరకు, పాత ప్రోగ్రాం గురించి తెలిసిన ఒకే ఒక వ్యక్తి సెలవు నుంచి తిరిగి వచ్చేవరకు కూడా ఎదురుచూడక తప్పదు.

ఈ ఎదురుచూపులను తగ్గించే కృషికి పరిశ్రమలో ‘డెవలపర్ ఎక్స్‌పీరియన్స్’ అన్న పేరు స్థిరపడింది. తెలుగులో దీనిని సాఫ్ట్‌వేర్ నిపుణుల పని సౌలభ్యం అనవచ్చు. పైకి ఇది ఉద్యోగుల సంక్షేమానికి మాత్రమే సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. కానీ బ్యాంకు లావాదేవీలు, రైలు రిజర్వేషన్లు, ఆసుపత్రి రికార్డులు, పింఛన్ల చెల్లింపులు అన్నీ సాఫ్ట్‌వేర్‌పైనే ఆధారపడి ఉన్నందున, ఆ సాఫ్ట్‌వేర్‌ను మార్చేవారి పని ఎంత సాఫీగా సాగుతున్నదన్నది ప్రజలందరికీ సంబంధించిన విషయమే. భోజనశాలలు, ఆటస్థలాలు ఈ సమస్యను పరిష్కరించజాలవు.

ఒక చిన్న మార్పు ప్రయాణం

సచివాలయంలో దస్త్రం నడిచే తీరు ఎరిగినవారికి సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక చిన్న మార్పు నడిచే తీరును వివరించడం కష్టం కాదు. సెక్షన్‌లో తయారైన నోటు ఒక్కొక్క అధికారి బల్ల దాటుతూ, అవసరమైతే ఆర్థిక శాఖ సమ్మతి పొంది, చివరకు ఉత్తర్వుగా వెలువడుతుంది. సాఫ్ట్‌వేర్ మార్పుదీ దాదాపు ఇదే దారి. ప్రోగ్రాముల మూల ప్రతులన్నీ భద్రపరిచే చోటును రిపోజిటరీ అంటారు. ఉద్యోగి అక్కడి నుంచి ఒక ప్రతిని తన కంప్యూటర్‌లోకి తెచ్చుకుంటారు, మార్పు చేస్తారు, ఆ తరువాత మొత్తం ప్రోగ్రాంను తిరిగి నిర్మించవలసి ఉంటుంది. దీనికి బిల్డ్ అని పేరు. బిల్డ్ పూర్తయ్యాక వందలాది, ఒక్కొక్కసారి వేలాది పరీక్షలు యాంత్రికంగా నడుస్తాయి. అవి నెగ్గిన తరువాత సహోద్యోగులు ఆ మార్పును పంక్తి పంక్తిగా చదివి లోపాలు ఎత్తిచూపుతారు. దీనిని కోడ్ రివ్యూ అంటారు. విలేకరి పంపిన వార్తను డెస్క్‌లోని ఉప సంపాదకులు చదివి దిద్దడం వంటిదే ఇది. ఆమోదం లభించిన మార్పు ప్రధాన ప్రతిలో కలుస్తుంది. చివరగా అది వినియోగదారులు వాడే సర్వర్లకు చేరుతుంది.

పది మంది పనిచేసే చిన్న సంస్థలో ఈ ప్రయాణం ఒక పూటలో ముగియవచ్చు. పది వేల మంది పనిచేసే చోట ప్రతి మజిలీ వద్దా వరుస ఏర్పడుతుంది. బిల్డ్‌కు గంట పట్టినట్లయితే ఉద్యోగి ఆ గంట ఖాళీగా కూర్చోరు, మరొక పని మొదలుపెడతారు. గంట తరువాత ఫలితం వచ్చేసరికి మొదటి పనిలోని సూక్ష్మాలు మనసులో నుంచి జారిపోతాయి. వాటిని తిరిగి గుర్తుకు తెచ్చుకోవడానికి మరికొంత కాలం పడుతుంది. యాజమాన్యాల లెక్కలలో కనిపించని నష్టం ఇదే. దస్త్రం ఏ బల్లపై ఆగిందో చెప్పడానికి కార్యాలయాలలో రిజిస్టరైనా ఉంటుంది. అనేక పెద్ద సంస్థలలో ఒక మార్పు ఎక్కడ ఎన్ని రోజులు ఆగిందో లెక్క కట్టే అలవాటు ఈ శతాబ్దిలో గాని రాలేదు.

45 నిమిషాలలో 46 కోట్ల డాలర్లు

మార్పులను సర్వర్లకు చేర్చే ఏర్పాటు సక్రమంగా లేకపోతే ఏమి జరుగుతుందో 2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థలో చోటుచేసుకున్న సంఘటన తెలియజేస్తుంది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఆ రోజు ప్రారంభించిన కొత్త పథకానికి అనుగుణంగా ఆ సంస్థ తన ప్రోగ్రాంను మార్చింది. కొత్త ప్రోగ్రాంను 8 సర్వర్లలో ఉంచవలసి ఉండగా, ఆ పని చేసిన ఉద్యోగి 7 సర్వర్లలో ఉంచి ఎనిమిదవదానిని విస్మరించారు. మరొకరు సరిచూడాలన్న నిబంధన గాని, వ్రాతపూర్వకమైన పద్ధతి గాని ఆ సంస్థలో లేవు. 2003 నుంచి వాడకంలో లేని పాత ప్రోగ్రాం భాగం ఒకటి ఎనిమిదవ సర్వర్‌లో మేల్కొని ఎడతెరిపి లేకుండా షేర్ల ఆర్డర్లు పంపనారంభించింది.

సుమారు 45 నిమిషాల వ్యవధిలో 154 కంపెనీల షేర్లలో 40 లక్షల లావాదేవీలు జరిగిపోయాయి. సంస్థకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వాటిల్లింది. మార్కెట్ తెరుచుకోక ముందే ఈ లోపాన్ని సూచించే 97 ఇ-మెయిల్స్ ఉద్యోగులకు యాంత్రికంగా వెళ్లాయనీ, వాటిని హెచ్చరికలుగా ఎవరూ పరిగణించలేదనీ అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2013 అక్టోబర్‌లో వెలువరించిన ఉత్తర్వులో పేర్కొన్నది. గందరగోళంలో సిబ్బంది సరిగా ఉన్న 7 సర్వర్ల నుంచి కొత్త ప్రోగ్రాంను తొలగించడంతో పరిస్థితి మరింత విషమించింది. కమిషన్ 1.2 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. ఆ ఉత్తర్వు వెలువడేనాటికే ఆ సంస్థ మరొక సంస్థతో విలీనమైపోయింది.

ఈ సంఘటనను ఒక ఉద్యోగి నిర్లక్ష్యంగా చిత్రించడం సులభం. అయితే మనుషులు చేతితో నకలు చేసే పద్ధతి ఉన్నంత కాలం ఎనిమిదింటిలో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు మిగిలిపోతుంది. మార్పును యంత్రమే అన్ని సర్వర్లకూ చేర్చి, అన్నిటిలోనూ ఒకే ప్రతి ఉన్నదని సరిచూసి, తేడా వస్తే వెనుకకు తీసుకొనే ఏర్పాటు ఉన్న చోట ఉద్యోగికి ఆ భయం ఉండదు. పని సౌలభ్యం, ప్రజల భద్రత ఇక్కడ వేర్వేరు కావు.

గదుల వైశాల్యం నుంచి సెకన్ల లెక్క వరకు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పని పరిస్థితులపై అధ్యయనం కొత్తదేమీ కాదు. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఐబీఎం సంస్థ 1970 దశకంలో సుమారు 2,000 మంది ప్రోగ్రామర్ల కోసం శాంటా తెరెసా ప్రయోగశాలను నిర్మించింది. నిర్మాణానికి ముందు వారి పనితీరును పరిశీలించి, ఒక్కొక్కరికి 100 చదరపు అడుగుల స్థలం, 30 చదరపు అడుగుల బల్ల, శబ్దం నుంచి రక్షణ అవసరమని నిర్ణయించారు. ఆ వివరాలు 1978లో ఐబీఎం సాంకేతిక పత్రికలో ప్రచురితమయ్యాయి.

టామ్ డిమార్కో, తిమోతీ లిస్టర్ 1984 నుంచి 1986 వరకు 92 సంస్థలకు చెందిన 600 మందికి పైగా ప్రోగ్రామర్ల మధ్య పోటీలు నిర్వహించారు. అందరికీ ఒకే పని ఇచ్చి, తమ తమ కార్యాలయాలలోనే పూర్తి చేయమన్నారు. అగ్రభాగాన నిలిచిన నాలుగో వంతు మందికి సగటున 78 చదరపు అడుగుల స్థలం ఉండగా, అట్టడుగున మిగిలిన నాలుగో వంతుకు 46 చదరపు అడుగులే ఉన్నది. అనవసరమైన అంతరాయాలు తరచు కలుగుతున్నాయని మొదటి వర్గంలో 38 శాతం మంది, రెండో వర్గంలో 76 శాతం మంది తెలియజేశారు. ఈ ఫలితాలను వారు 1987లో ‘పీపుల్‌వేర్’ గ్రంథంలో పొందుపరిచారు. మంచి ప్రోగ్రామర్లే మంచి కార్యాలయాలలో చేరి ఉండవచ్చునన్న సందేహానికి ఆ గణాంకాలలో సమాధానం లేదు. అయినా గోడలు లేని విశాలమైన హాళ్లలో వందలాది మందిని కూర్చోబెట్టే పద్ధతి ఆ తరువాతే విస్తరించడం విచిత్రం.

ఐబీఎం పరిశోధకులే 1982లో మరొక అంశాన్ని వెలుగులోకి తెచ్చారు. ఉద్యోగి ఇచ్చిన ఆదేశానికి కంప్యూటర్ ఒక సెకను లోపు స్పందించినట్లయితే, ఆదా అయిన సమయం కంటే ఎక్కువ నిష్పత్తిలో పని పెరుగుతున్నదని వారు గమనించారు. నిరీక్షణ చిన్నదైనా ఆలోచనా ధార తెగుతుందన్నది దీని సారాంశం. నేటి ప్రయత్నాలన్నిటికీ మూలం ఇక్కడే ఉన్నదనవచ్చు.

విండోస్ బృందం అనుభవం

పెద్ద సంస్థ తన ఉద్యోగుల నిరీక్షణను ఎలా తగ్గించగలదో చెప్పడానికి మైక్రోసాఫ్ట్‌లోని విండోస్ బృందం అనుభవం తగిన ఉదాహరణ. సుమారు 4,000 మంది ఇంజనీర్లు గల ఆ బృందం చాలా కాలం పాటు సోర్స్ డిపో అనే అంతర్గత పద్ధతిలో మూల ప్రతులను భద్రపరిచేది. ఆ ప్రతులు 40కి పైగా భాగాలుగా చెదిరి ఉండేవి. వెలుపలి ప్రపంచం అప్పటికే గిట్ అనే పద్ధతికి మారిపోయింది. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్‌ను కళాశాల విద్యార్థులు సైతం వాడుతున్నారు. కొత్తగా చేరిన ఉద్యోగి తాను నేర్చుకున్నది పక్కన పెట్టి, మరెక్కడా పనికిరాని పద్ధతిని నేర్చుకోవలసి వచ్చేది.

గిట్‌కు మారడంలో పెద్ద చిక్కు ఒకటి ఉన్నది. గిట్ స్వభావరీత్యా ప్రతి ఉద్యోగి కంప్యూటర్‌లోకీ మొత్తం భాండారాన్ని తెస్తుంది. విండోస్ మూల ప్రతులలో సుమారు 35 లక్షల ఫైళ్లున్నాయి, అవన్నీ కలిపితే సుమారు 300 గిగాబైట్లు. మొదటిసారి ప్రతి తెచ్చుకోవడానికి 12 గంటలకు పైగా పట్టేది. ఒక శాఖ నుంచి మరొక శాఖకు మారడానికి 2 నుంచి 3 గంటలు, ఏయే ఫైళ్లు మారాయో తెలుసుకొనే సామాన్యమైన ఆదేశానికి కూడా 10 నిమిషాలు పట్టేది. రోజుకు పదుల సార్లు ఇచ్చే ఆదేశానికి పది నిమిషాలంటే ఆ పద్ధతి పనికిరానట్లే.

సంస్థ ఇంజనీర్లు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. ఫైళ్లన్నీ ఉద్యోగి కంప్యూటర్‌లోనే ఉన్నట్లు కనిపిస్తాయి గాని, ఏ ఫైలును తెరుస్తారో అది మాత్రమే ఆ క్షణంలో సర్వర్ నుంచి వస్తుంది. గ్రంథాలయంలోని పుస్తకాలన్నిటినీ ఇంటికి మోసుకుపోనవసరం లేకుండా, జాబితా దగ్గర ఉంచుకొని కావలసిన పుస్తకం మాత్రం తెప్పించుకోవడం వంటిది ఇది. దీనిని 2017 ఫిబ్రవరిలో బహిరంగపరిచారు. ఫలితంగా 12 గంటల పని కొద్ది నిమిషాలకు, 2, 3 గంటల పని 30 సెకన్లకు, పది నిమిషాల పని 4, 5 సెకన్లకు తగ్గిందని సంస్థ ప్రకటించింది. అదే సంవత్సరం మార్చిలో సుమారు 2,000 మంది ఇంజనీర్లు శుక్రవారం పాత పద్ధతిలో పని ముగించి, సోమవారం ఉదయం కొత్త పద్ధతిలో పని ప్రారంభించారు.

ఇంత పెద్ద సంస్థ తన ఉద్యోగుల కోసం చేసిన మార్పులను తన వద్దే దాచుకోకుండా గిట్‌ను నిర్వహించే బహిరంగ సమాజానికి అందించింది. వాటి నుంచి ఎదిగిన స్కేలార్ అనే సాధనం 2022 అక్టోబర్‌లో గిట్‌లోనే అంతర్భాగమైంది. ఈ మార్పు జరిగిన కాలంలో సంస్థ ప్రధాన కార్యనిర్వహణాధికారిగా ఉన్నది హైదరాబాద్‌లో జన్మించి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన శ్రీ సత్య నాదెళ్ల. ఆయన 2014 ఫిబ్రవరి 4న ఆ బాధ్యతలు స్వీకరించారు.

గూగుల్ సంస్థ వేరొక మార్గం ఎంచుకున్నది. 2015 జనవరి నాటికి ఆ సంస్థలోని 25,000 మందికి పైగా ఇంజనీర్లు 200 కోట్ల పంక్తులు గల ఒకే భాండారంలో పనిచేసేవారని, దాని పరిమాణం 86 టెరాబైట్లని ఆ సంస్థ ఇంజనీర్లు 2016లో ప్రచురించిన వ్యాసంలో వెల్లడించారు. ఒకరు ఒకసారి నిర్మించిన భాగాన్ని మరొకరు తిరిగి నిర్మించకుండా ఫలితాన్ని పంచుకొనే బిల్డ్ పద్ధతిని రూపొందించి, దాని బహిరంగ రూపాన్ని 2015లో బేజెల్ పేరిట విడుదల చేసింది. కోడ్ రివ్యూ విషయంలో ఆ సంస్థ సాధించినది ఇంకా గమనించదగినది. 2018లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం సగానికి సగం మార్పులకు రివ్యూ మొత్తం 4 గంటల లోపే ముగుస్తున్నది. కారణం రహస్యమేమీ కాదు. మార్పులు చిన్నవి, మధ్యగత పరిమాణం 24 పంక్తులు మాత్రమే. రెండు పేజీల నోటును వెంటనే చదువుతారు, రెండు వందల పేజీల దస్త్రాన్ని రేపటికి వాయిదా వేస్తారు.

హైదరాబాద్, సియాటెల్ మధ్య పన్నెండున్నర గంటలు

1998 నవంబర్ 22న అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన విషయం విదితమే. మైక్రోసాఫ్ట్ తన భారత అభివృద్ధి కేంద్రాన్ని అదే సంవత్సరం హైదరాబాద్‌లో నెలకొల్పింది. గూగుల్ 2004లో వచ్చింది. అమెజాన్ 2019 ఆగస్టులో ఇక్కడ తన భారీ ప్రాంగణాన్ని ప్రారంభించింది. బహుళజాతి బ్యాంకులు, ఔషధ సంస్థలు తమ సొంత సాఫ్ట్‌వేర్ కేంద్రాలను ఇక్కడ నడుపుతున్నాయి. ఈ కేంద్రాలలో పనిచేసే తెలుగువారికి నిరీక్షణ మరొక రూపంలో ఎదురవుతుంది. అది భూగోళానికి సంబంధించినది.

వేసవిలో హైదరాబాద్‌కు, సియాటెల్‌కు మధ్య పన్నెండున్నర గంటల వ్యత్యాసం ఉంటుంది, శీతాకాలంలో అది పదమూడున్నర గంటలు. హైదరాబాద్‌లోని ఉద్యోగిని ఉదయం 10 గంటలకు తన మార్పును రివ్యూ కోసం పంపినట్లయితే, వేసవిలో సియాటెల్‌లో అది ముందు రోజు రాత్రి 9.30. అక్కడి సహోద్యోగి మరునాటి ఉదయం దానిని చూసి ఒక చిన్న ప్రశ్న వేస్తే, ఇక్కడ అప్పటికి రాత్రి అయి ఉంటుంది. ఆమె సమాధానం మరునాడు వెళుతుంది. మూడు ప్రశ్నలకు మూడు రోజులు. ఎదురెదురుగా కూర్చున్నట్లయితే పది నిమిషాలలో తేలే విషయమిది. పని ఆలస్యమైందన్న మాట మాత్రం ఇక్కడి బృందం పేరిటే నమోదవుతుంది.

దీనికి సులభమైన మందుగా రాత్రి సమావేశాలు వచ్చాయి. సియాటెల్‌లో ఉదయం 8.30కు పెట్టిన సమావేశం వేసవిలో ఇక్కడ రాత్రి 9 గంటలకు జరుగుతుంది. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు వెనుకకు జరపగానే అదే సమావేశం ఇక్కడ రాత్రి 10 గంటలకు మారుతుంది. అక్కడివారికి ఏ మార్పూ ఉండదు. పిల్లలను నిద్రపుచ్చవలసిన వేళ, వృద్ధులైన తల్లిదండ్రులకు మందులు ఇవ్వవలసిన వేళ ఉద్యోగి తెర ముందు కూర్చోవలసి వస్తుంది. మరునాటి ఉదయం కార్యాలయానికి రావడం ఎలాగూ తప్పదు. వారానికి 70 గంటలు పనిచేయాలన్న వ్యాఖ్యపై 2023 అక్టోబర్‌లో దేశమంతటా చర్చ జరిగింది. పని గంటల సంఖ్యపై సాగినంతగా ఆ గంటలు ఎక్కడ వ్యర్థమవుతున్నాయన్న విషయంపై ఆ చర్చ సాగలేదు.

ఫలితమిచ్చిన పద్ధతులు లేకపోలేదు. ఒక విభాగాన్ని రెండు దేశాల మధ్య ముక్కలు చేయకుండా పూర్తి బాధ్యతతో ఒకే కేంద్రానికి అప్పగించడం వాటిలో మొదటిది. నిర్ణయాధికారం కూడా ఆ కేంద్రంలోనే ఉన్నప్పుడు ప్రశ్నలు సముద్రం దాటవలసిన పని ఉండదు. రెండు చోట్లా రివ్యూ చేయగలవారు ఉండాలి. సమావేశంలో మాటలతో తేల్చే విషయాలను ముందుగా వ్రాతలో పెట్టాలి. తప్పనిసరి సమావేశాల వేళను నెలనెలా మార్చి, అసౌకర్యాన్ని ఇరువురూ పంచుకోవాలి. దూర ప్రాంతపు కార్యాలయాలలో మూల ప్రతుల నకళ్లు నిల్వ ఉంచే సర్వర్లు ఏర్పాటు చేయడం వలన యంత్రపరమైన జాప్యం కూడా తగ్గుతుంది.

ఇదే కాల వ్యత్యాసం ఒక విషయంలో వరంగా మారుతుంది. సర్వర్లు ఎప్పుడు మొరాయించినా వెంటనే స్పందించవలసిన బాధ్యతను ఆన్‌కాల్ అంటారు. ఒకే నగరంలోని బృందానికి ఈ బాధ్యత ఉన్నట్లయితే అర్ధరాత్రి నిద్ర లేవక తప్పదు. రెండు తీరాల బృందాలు చెరి 12 గంటలు పంచుకుంటే ఇరువురికీ పగటి విధులే ఉంటాయి. గూగుల్ ఇంజనీర్లు 2016లో వెలువరించిన గ్రంథంలో ఈ పద్ధతిని సిఫారసు చేస్తూ, 12 గంటల విధిలో రెండుకు మించి సంఘటనలు ఎదురుకాకుండా చూడాలని సూచించారు. కాల వ్యత్యాసాన్ని సమావేశాలకు కాక ఇటువంటి విధులకు వినియోగించే సంస్థలు ఇంకా తక్కువే.

కొలమానాల చిక్కు

ఈ రంగంలో ఎక్కువ వివాదం కొలమానాలపైనే. ప్రోగ్రామర్ ఎన్ని పంక్తులు వ్రాశారని లెక్కించడం పాత పద్ధతి. 1982లో ఆపిల్ సంస్థలో లీసా కంప్యూటర్ బృందంలో ప్రతివారం పంక్తుల సంఖ్య నమోదు చేయమని యాజమాన్యం పత్రాలు పంచింది. బిల్ అట్కిన్సన్ అనే ఇంజనీర్ ఆ వారం తన ప్రోగ్రాంలోని ఒక భాగాన్ని తిరిగి వ్రాసి వేగవంతం చేశారు, ఆ క్రమంలో ప్రోగ్రాం 2,000 పంక్తులు తగ్గింది. ఆయన పత్రంలో ‘మైనస్ 2,000’ అని వ్రాసి ఇచ్చారు. కొద్ది వారాల తరువాత ఆయనను ఆ పత్రం నింపమని అడగడం మానివేశారు.

పరిశోధకురాలు నికోల్ ఫోర్స్‌గ్రెన్, ఆమె సహచరులు 2018లో ప్రచురించిన ‘యాక్సెలరేట్’ గ్రంథం వ్యక్తిని కాక వ్యవస్థను కొలిచే నాలుగు కొలమానాలకు ప్రాచుర్యం కల్పించింది. మార్పులు ఎంత తరచుగా వినియోగదారులకు చేరుతున్నాయి, ఒక మార్పు చేరడానికి ఎంత కాలం పడుతున్నది, ఎంత శాతం మార్పులు విఫలమవుతున్నాయి, విఫలమైనప్పుడు సేవను పునరుద్ధరించడానికి ఎంత సమయం పడుతున్నది అన్నవే అవి. వేగం, నాణ్యత పరస్పర విరుద్ధం కావని, రెండూ కలిసే మెరుగుపడుతున్నాయని వారి సర్వేలలో తేలింది. 2021లో ఆమె మరికొందరితో కలిసి ఉద్యోగుల సంతృప్తి, సహకారం, అంతరాయం లేని పని వంటి అంశాలను కూడా జోడించి మరొక పద్ధతిని ప్రతిపాదించారు. ఏదో ఒక్క అంకెతో ప్రోగ్రామర్ పనిని తూచరాదన్నది దాని ప్రధాన సందేశం. అయినప్పటికీ ఈ కొలమానాలను విడివిడి ఉద్యోగుల వార్షిక మదింపునకు వాడే ధోరణి కనిపిస్తున్నది. అలా చేసినప్పుడు అంకెలు మెరుగుపడతాయి, పని మెరుగుపడదు. ఒకటిగా పంపదగిన మార్పును ఐదు ముక్కలు చేసి పంపడం ఉద్యోగికి కష్టమేమీ కాదు.

కృత్రిమ మేధ ప్రవేశం

గిట్‌హబ్ కోపైలట్ 2021 జూన్‌లో ప్రయోగాత్మకంగానూ, 2022 జూన్‌లో పూర్తిస్థాయిలోనూ అందుబాటులోకి వచ్చిన నాటి నుంచి ప్రోగ్రాములు వ్రాసే పనిలో కృత్రిమ మేధ వినియోగం విస్తరించింది. దీని వలన నిపుణుల పని రెట్టింపు వేగంతో సాగుతున్నదన్న ప్రకటనలు పత్రికా కార్యాలయాలకు తరచు అందుతున్నాయి. వీటిని పరిశీలించి ప్రచురించడం అవసరం. మీటర్ అనే పరిశోధన సంస్థ 2025 జూలైలో వెల్లడించిన ప్రయోగంలో 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు తమకు బాగా తెలిసిన ప్రాజెక్టులలో 246 పనులు చేశారు. కృత్రిమ మేధ సాధనాలను అనుమతించినప్పుడు వారికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని ముగిశాక వారిని అడిగినప్పుడు మాత్రం 20 శాతం సమయం ఆదా అయిందని భావించినట్లు తెలిపారు. ఇది చిన్న ప్రయోగమే, అది జరిగిన నాటి సాధనాలకు పరిమితమైనదే. తమ వేగం గురించి నిపుణుల సొంత అంచనాను కూడా యథాతథంగా స్వీకరించరాదని మాత్రం ఇది సూచిస్తున్నది.

ప్రోగ్రాం వ్రాయడం నిమిషాలలో పూర్తయినా, దానిని చదివి ఆమోదించవలసినవారు మనుషులే. వ్రాత వేగం పెరిగిన కొద్దీ రివ్యూ బల్లపై దొంతరలు పెరుగుతాయి. సెక్షన్‌లో టైపు యంత్రాలు పెంచి, సంతకం చేసే అధికారిని ఒక్కరినే ఉంచినట్లయితే ఏమవుతుందో అధికారులకు వేరుగా చెప్పనవసరం లేదు.

ప్రభుత్వ ప్రాజెక్టులకు వర్తించే అంశాలు

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా వెబ్‌సైట్ హెల్త్‌కేర్.గవ్ 2013 అక్టోబర్ 1న ప్రారంభమైన తొలి రోజున నమోదు పూర్తి చేయగలిగినవారు ఆరుగురు మాత్రమే. అనేక కాంట్రాక్టు సంస్థలు కలిసి నిర్మించిన ఆ వ్యవస్థలో ఏ భాగం పనిచేస్తున్నదో ఏది ఆగిపోయిందో ఒక్కచోట చూపే తెర కూడా లేదని సహాయానికి వచ్చిన నిపుణులు గుర్తించారు. వారు ముందుగా ఆ తెరను ఏర్పాటు చేసి, ప్రతిరోజూ అన్ని సంస్థల ఇంజనీర్లను ఒకచోట కూర్చోబెట్టి అడ్డంకులు తొలగించారు. ఆ బృందంలో ప్రముఖ పాత్ర వహించిన మైకీ డికర్సన్ 2014లో కొత్తగా ఏర్పడిన అమెరికా డిజిటల్ సర్వీస్‌కు తొలి అధిపతి అయ్యారు.

మన వద్ద కూడా ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌ను అధిక భాగం కాంట్రాక్టు సంస్థల ఉద్యోగులే వ్రాస్తారు. టెండరు పత్రాలలో ఎంత మంది, ఎన్ని నెలలు పనిచేయాలన్నది వివరంగా ఉంటుంది. వారికి పరీక్షలు జరుపుకొనే సర్వర్ ఎన్ని రోజులలో లభిస్తుంది, శాఖ తరఫున సందేహాలు తీర్చే అధికారి ఎవరు, ఒక చిన్న లోపాన్ని సరిచేయడానికి ఎన్ని సంతకాలు కావాలి అన్న అంశాలు మాత్రం తరచు ఖాళీగా మిగులుతాయి. ప్రాజెక్టు ఆలస్యమైనప్పుడు మరికొంత మందిని నియమించమని ఆదేశించడం పరిపాటి. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ఐబీఎం అనుభవంతో చెప్పారు. కొత్తవారికి పని నేర్పవలసింది పాతవారే కావడం అందుకు కారణం.

ఒక శాఖ వ్రాయించిన ప్రోగ్రాం మరొక శాఖకు ఉపయోగపడేలా మూల ప్రతులను పంచుకొనే విధానాన్ని భారత ప్రభుత్వం 2015లో ప్రకటించింది. దీని వలన ఒకే పని పదిసార్లు చేయించే వ్యయం తగ్గుతుంది. మూల ప్రతితో పాటు దానిని నిర్మించే విధానం, పరీక్షలు, వివరణ పత్రాలు కూడా శాఖ అధీనంలో ఉన్నప్పుడే కాంట్రాక్టు చేతులు మారిన తరువాత పని కొనసాగుతుంది. లేనట్లయితే కొత్త సంస్థ ఉద్యోగులు తొలి నెలలన్నీ పాతవారు ఏమి చేశారో కనుగొనడంలోనే గడుపుతారు.

తనిఖీకి వెళ్లే అధికారులు గాని, సంస్థల ప్రకటనలను పరిశీలించే పాత్రికేయులు గాని అడగదగిన ప్రశ్నలలో కొత్త ఉద్యోగి విషయం ఉపయోగకరమైనది. కొత్తగా చేరిన వ్యక్తి రాసిన మొదటి మార్పు వినియోగదారులకు చేరడానికి ఎన్ని రోజులు పట్టిందన్నదే ఆ ప్రశ్న. అనుమతులు, యంత్రాలు, పత్రాలు, రివ్యూ చేసేవారు అన్నీ సక్రమంగా ఉన్న చోటే దీనికి చిన్న అంకె సమాధానంగా వస్తుంది. ఎట్సీ అనే అమెరికా సంస్థలో కొత్త ఇంజనీర్ తొలి రోజునే ఒక చిన్న మార్పును వెబ్‌సైట్‌కు చేర్చే సంప్రదాయం ఉండేది. స్వీడన్‌కు చెందిన స్పాటిఫై, కొత్త ఉద్యోగి పదో మార్పు ఆమోదం పొందేవరకు పట్టే రోజులను లెక్కించేది. ఏ ప్రోగ్రాం ఎవరి బాధ్యత, దాని వివరణ పత్రాలు ఎక్కడ ఉన్నాయి అన్నవి ఒకే చోట చూపేందుకు ఆ సంస్థ తన ఉద్యోగుల కోసం రూపొందించుకున్న బ్యాక్‌స్టేజ్ అనే సాధనాన్ని 2020 మార్చిలో అందరికీ ఉచితంగా విడుదల చేసింది. దానిని ప్రభుత్వ శాఖలు సహా ఎవరైనా వినియోగించుకోవచ్చు.